ముందు విందాం, తర్వాత రికార్డు చేద్దాం

(మన సంఘం యువతీ యువకుల శిక్షణ తరగతిలో ఒక వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

కంప్యూటర్ మీద పాటలు రికార్డు చేయడం గురించి చెప్పమని సంఘం పెద్దలు నన్ను అడిగారు. నేను సౌండ్ ఇంజనీర్‌ని కాదు. బీఈడీ చదివిన టీచర్‌ని, ఇప్పుడు గిరిజన బాలికల వసతి గృహంలో వార్డెన్‌ని. మా హాస్టల్ స్టోర్ రూమ్ పక్కన ఒక చిన్న గది ఉంది. అందులో ఒక పాత లాప్‌టాప్, రెండు మైకులు పెట్టుకుని, ఆదివారాలు, సెలవు రోజుల్లో మా పిల్లలు వాళ్ల అవ్వల పాటలు, తాతల కథలు రికార్డు చేస్తున్నారు. వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఈ రోజు మీకు చెబుతాను.

ముందు ఈ పని ఎందుకో చెప్పుకుందాం. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన మనల్ని విడిచి వెళ్లారు. కోయ డోలి కళాకారులు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2025 జూన్‌లో ఆయన కూడా వెళ్లిపోయారు. వాళ్ల పేర్లు ప్రభుత్వానికి తెలుసు, పేపర్ల వాళ్లకు తెలుసు. కెమెరాలు వాళ్ల గడప దాకా వచ్చాయి. మరి మీ గూడెంలో రాత్రంతా కథ చెప్పగల ప్రధాన్ కాకా సంగతేమిటి? పెళ్లిలో తెల్లారేదాకా పాడే మీ అవ్వ సంగతేమిటి? వాళ్ల దగ్గరికి ఎవరూ రారు. వెళ్లాల్సింది మీరే.

మన అదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. అంటే ఆ గోండి అక్షరాలను ఇప్పుడు కంప్యూటర్‌లో రాసుకోవచ్చు. అది చాలా పెద్ద విషయం. కానీ పాటలో అక్షరం సగమే. కీక్రి మీద కమాను ఎక్కడ ఆగింది, ఏ మాట దగ్గర గొంతు జారింది, ఢోల్ ఎక్కడ జోరందుకుంది, ఇవన్నీ కాగితం మీదికి రావు. చెవి నుంచి చెవికే రావాలి. అందుకని రికార్డింగ్ బాగుండాలి.

"మా ఫోన్లలో చాలా ఉన్నాయి మేడం" అని మీరనవచ్చు. ఉన్నాయి, నేనూ విన్నాను. ఒక్క పరీక్ష చేయండి. మీ ఫోన్‌లో ఉన్న దండారి రికార్డింగ్ ఒకటి హెడ్‌ఫోన్‌లో వినండి. ఢోల్ దెబ్బ పడగానే పాట వెనక్కి పోతుంది. దెబ్బ ఆగగానే పాట ముందుకు వస్తుంది. గమనించారా? పాడినవాళ్లు అలా పాడలేదు, ఫోన్ అలా చేసింది. ఫోన్ మనిషి మాట కోసం తయారైంది. పెద్ద శబ్దం రాగానే అదే తగ్గించుకుంటుంది, చిన్న శబ్దం రాగానే అదే పెంచుకుంటుంది. చాలా ఫోన్లు మాట కానిదాన్ని గోల అనుకుని తుడిచేస్తాయి. అలా ఫోన్ గోల అనుకున్నది మన ఢోల్ కావచ్చు, మన గజ్జెలు కావచ్చు.

వేరే దారి లేనప్పుడు ఫోన్‌తోనే చేయండి. లేనిదానికంటే అదే మేలు. కానీ దారి ఉన్నప్పుడు కంప్యూటర్ మీద చేద్దాం. నేను చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: యంత్రాన్ని పాటకు సర్దాలి, పాటను యంత్రానికి సర్దకూడదు. అలా సర్దామో లేదో తెలియాలంటే, రికార్డు బటన్ నొక్కడానికి ముందే సరిగ్గా వినాలి. ఈ వినడాన్నే స్టూడియో వాళ్లు మానిటరింగ్ అంటారు.

శబ్దం నడిచే దారి

వాగు నీళ్లు పొలంలోకి వచ్చే దారి మీకు తెలుసు. కాలువలో ఎక్కడ గండి పడినా మడికి నీళ్లు రావు. శబ్దానికీ అలాంటి దారే ఉంది. గొంతు నుంచి మైకులోకి, మైకు నుంచి తీగ గుండా ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టెలోకి, అక్కడి నుంచి యూఎస్‌బీ తీగ గుండా కంప్యూటర్‌లోకి వెళ్తుంది. మళ్లీ అదే పెట్టె గుండా తిరిగి వచ్చి హెడ్‌ఫోన్‌లోకి చేరుతుంది.

ఇంటర్‌ఫేస్ చేసే పని రెండు రకాలు. మైకు నుంచి వచ్చే సన్నటి కరెంటును పెంచి అంకెలుగా మారుస్తుంది. కంప్యూటర్ నుంచి వచ్చిన అంకెలను తిరిగి శబ్దంగా మారుస్తుంది. మనకు రెండు మైకులు పట్టే చిన్నది చాలు. కొనేటప్పుడు మూడు చూడండి: మైకు తీగ పట్టే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు రెండు ఉండాలి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ ఉండాలి, డైరెక్ట్ మానిటర్ అనే బటన్ గానీ తిప్పే నాబ్ గానీ ఉండాలి. ఈ మూడోది లేకపోతే కొనకండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

మైకులు ముఖ్యంగా రెండు రకాలు. సభల్లో చేత్తో పట్టుకునే డైనమిక్ మైకు గట్టిది. దానికి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు, పెద్ద శబ్దాలను తట్టుకుంటుంది. కండెన్సర్ మైకు సన్నటి శబ్దాన్ని కూడా పట్టుకుంటుంది, దానికి 48 వోల్టులు కావాలి. నిశ్శబ్దంగా ఉండే గది లేనప్పుడు కండెన్సర్ మైకు బయట కోడి కూతను, వంటింట్లో గిన్నెల చప్పుడును కూడా పట్టుకొస్తుంది. అందుకే హాస్టల్‌లో మేము పాటకు ఎక్కువగా డైనమిక్ మైకే వాడతాం. 48 వోల్టులు ఆన్ చేసేటప్పుడు, తీగలు పెట్టేటప్పుడు, తీసేటప్పుడు హెడ్‌ఫోన్ శబ్దం పూర్తిగా తగ్గించండి. లేకపోతే చెవిలో టప్ మని కొడుతుంది.

కంప్యూటర్‌లో సర్దాల్సినవి

ముందుగా డ్రైవర్. ఇది ఇంటర్‌ఫేస్‌కు, కంప్యూటర్‌కు మధ్య దుబాసీ. విండోస్‌లో అయితే ఇంటర్‌ఫేస్ తయారుచేసిన కంపెనీ ఇచ్చిన ఏషియో డ్రైవర్ వేసుకోండి. మాక్‌లో ఈ ఏర్పాటు లోపలే ఉంటుంది.

తర్వాత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఇన్‌పుట్ దగ్గర మీ ఇంటర్‌ఫేస్ పేరు ఎంచుకోండి. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. మైకు ఎదురుగా పెట్టి గంటసేపు రికార్డు చేస్తారు. తీరా వింటే లాప్‌టాప్‌లో ఉన్న చిన్న మైకు నుంచి వచ్చిన శబ్దం ఉంటుంది. దీనికి మా పిల్లలు చేసే పరీక్ష సులువు. మైకు జాలీ మీద వేలితో మెల్లగా గీకండి. తర్వాత లాప్‌టాప్ మీద గీకండి. ఏది గీకితే తెర మీద గీత లేస్తుందో ఆ మైకే పనిచేస్తున్నట్టు.

శాంపుల్ రేటు 48,000 పెట్టండి. అంటే సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలుస్తుందని అర్థం. సీడీకి 44,100 వాడేవారు, వీడియోకు 48,000 వాడతారు. మన పాటలకు రేపు వీడియో కూడా జతచేస్తాం కాబట్టి 48,000 మంచిది. ఏది పెట్టినా ఇంటర్‌ఫేస్‌లో, సాఫ్ట్‌వేర్‌లో ఒకటే ఉండాలి. 44,100తో రికార్డు అయినదాన్ని 48,000 అనుకుని వాయిస్తే పాట దాదాపు 9 శాతం వేగంగా పరిగెడుతుంది, గొంతు సన్నబడుతుంది. తాత గొంతు పిల్లాడి గొంతులా వినిపిస్తే ముందు ఇదే చూడండి.

బిట్ డెప్త్ 24 పెట్టండి. 16 కంటే 24లో మెల్లని శబ్దానికి చోటు ఎక్కువ. అప్పుడు భయపడి గొంతు పెంచాల్సిన పని ఉండదు. ఫైలు వేవ్ రూపంలోనే దాచండి, ఎంపీ3 వద్దు. ఎంపీ3 వాట్సాప్‌లో పంపడానికి పనికొస్తుంది, దాచుకోవడానికి కాదు. ఒక మైకు రికార్డింగ్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ అవుతుంది. రెండు మైకులతో గంట పాడితే ఒక జీబీ. రాత్రంతా సాగే కథకు వెళ్లేటప్పుడు ముందే లెక్క వేసుకుని డిస్క్‌లో చోటు చూసుకోండి.

విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఫోన్ చేసే పనే అదీ చేస్తుంది.

గెయిన్ ఎంత

ఇంటర్‌ఫేస్ మీద గెయిన్ నాబ్ ఉంటుంది. అది మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే నాబ్. కంప్యూటర్ లోపల శబ్దానికి పైకప్పు ఉంది, దాన్ని సున్నా డెసిబెల్ అంటారు. కింద ఉన్నవన్నీ మైనస్ అంకెలు. శబ్దం ఆ పైకప్పుకు తగిలితే తల తెగినట్టే, దాన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన ఆ ముక్కను తర్వాత ఎవరూ పూర్తిగా తిరిగి తేలేరు. కాబట్టి మామూలుగా పాడేటప్పుడు మైనస్ 18 దగ్గర, అతి గట్టిగా పాడినప్పుడు మైనస్ 10 దగ్గర ఉండేలా గెయిన్ పెట్టండి. పైన ఖాళీ ఉంటే నష్టం లేదు. 24 బిట్లలో రికార్డు చేస్తే తర్వాత పెంచుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలకువ ఉంది. "ఒకసారి పాడండి తాతా, చూస్తాం" అంటే ఎవరైనా మెల్లగానే పాడతారు. అసలు పాట మొదలయ్యాక, జనం కూర్చున్నాక, ఢోల్ అందుకున్నాక గొంతు రెట్టింపవుతుంది. అందుకే పరీక్షకు పాట మొదటి చరణం అడగకండి. "అన్నిటికంటే గట్టిగా పాడే చోటు పాడండి" అని అడగండి. ఢోల్ వాళ్లను కూడా నాట్యం ఊపందుకున్నప్పటి దెబ్బే కొట్టమనండి.

చెవికి చేరే ఆలస్యం

ఒకసారి మా మండలం నుంచి ఒక ప్రధాన్ పెద్దాయన వెంట ఒక పట్టణంలోని స్టూడియోకు వెళ్లాను. ఆయన కీక్రి వాయిస్తూ కథ పాడతారు. లోపల కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టారు. ఒక వరుస పాడారు. రెండో వరుస నెమ్మదించింది. మూడో వరుసలో ఆగిపోయారు. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ ఆగారు. నాలుగోసారి హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూసి, "బాయీ, లోపల ఎవరో నా వెనకే పాడుతూ నన్ను వెక్కిరిస్తున్నారు" అన్నారు. అక్కడి కుర్రాడు మాత్రం, "పెద్దాయనకు వయసైపోయింది మేడం, తాళం నిలవడం లేదు" అన్నాడు.

తాళం నిలవకపోవడానికి కారణం వేరే ఉంది. కంప్యూటర్ శబ్దాన్ని బిందెలతో మోసినట్టు మోస్తుంది. బిందె నిండాక గానీ ఎత్తదు. ఆ బిందె సైజునే బఫర్ అంటారు. బఫర్ 1024 ఉంటే, సెకనుకు 48,000 కొలతల లెక్కన, ఒక బిందె నిండడానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది. లోపలికి ఒక బిందె, బయటికి ఒక బిందె. మొత్తం 43 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం, పైన ఇంకొంచెం. ఇది చాలా చిన్నదనిపిస్తుంది. కానీ గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు సుమారు ఒక అడుగు నడుస్తుంది. అంటే మీ గొంతు మీకు దాదాపు 48 అడుగుల దూరం నుంచి వినిపిస్తున్నట్టు. ఢోల్ వాయించేవాళ్లను 48 అడుగుల దూరంలో నిలబెట్టి, వాళ్లను వింటూ అడుగు వేయమంటే ఎవరైనా తడబడతారు. మన పెద్దలు వాయిద్యాల వాళ్లందరినీ ఒకే చోట దగ్గరగా నిలబెడతారు. వాళ్లకు మిల్లీసెకన్లు తెలియవు గానీ ఈ విషయం తెలుసు.

తన గొంతు ఆలస్యంగా చెవిలో పడితే మనిషి దాని కోసం ఆగుతాడు. అది వచ్చేదాకా చూసి మళ్లీ పాడతాడు. అందుకే పాట నెమ్మదిస్తుంది, తర్వాత ఆగిపోతుంది.

ఆ రోజు మా వెంట మా హాస్టల్‌లో చదివి వెళ్లిన అమ్మాయి ఒకతి ఉంది. "అన్నా, దీనికి డైరెక్ట్ మానిటర్ ఉందా?" అని అడిగింది. ఉంది. బటన్ నొక్కారు, సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే గొంతు ఆపారు. పెద్దాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, మధ్యలో ఆగకుండా కథ ఒక ఘట్టం పూర్తిగా పాడారు. ముందు ఆయనను ఆపింది వయసు కాదు, తెర మీద 1024 అని ఉన్న ఒక అంకె.

డైరెక్ట్ మానిటర్ అంటే మైకు శబ్దం కంప్యూటర్ దాకా వెళ్లకముందే ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌కు రావడం. అందులో చెవికి తెలిసే ఆలస్యం ఉండదు. అది ఆన్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటర్ ఆఫ్ చేయాలి. రెండూ ఆన్‌లో ఉంటే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

మనలాంటి వాళ్లకు దీనివల్ల ఇంకో లాభం ఉంది. ఆలస్యం తగ్గించడానికి బఫర్‌ను 64కో 128కో దించితే పాత లాప్‌టాప్ తట్టుకోలేదు, రికార్డింగ్‌లో చిటపటలు వస్తాయి. డైరెక్ట్ మానిటర్ వాడితే బఫర్ 512 ఉన్నా, 1024 ఉన్నా పాడేవాళ్లకు ఇబ్బంది లేదు. కాబట్టి ఖరీదైన కంప్యూటర్ లేదని ఆగిపోకండి. పాత లాప్‌టాప్‌తో కూడా మంచి రికార్డింగ్ వస్తుంది.

ఎవరికి ఏం వినిపించాలి

పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు, రికార్డు చేసేవాళ్లకు వినిపించాల్సింది ఒకటి కాదు.

చాలామంది పెద్దలకు హెడ్‌ఫోన్ అసలు అక్కర్లేదు. జీవితమంతా గాలిలో విని పాడినవాళ్లు. ఎదురెదురుగా కూర్చోబెట్టి, మామూలుగా పాడమనండి. హెడ్‌ఫోన్ మీరు పెట్టుకోండి. తప్పనిసరైతే వాళ్లకు ఒక చెవికే పెట్టండి, ఇంకో చెవి వదిలేయండి. వాళ్ల గొంతు హెడ్‌ఫోన్‌లో మరీ గట్టిగా వినిపిస్తే మెల్లగా పాడటం మొదలుపెడతారు. మరీ తక్కువ వినిపిస్తే అరుస్తారు. "మీ గొంతు ఎక్కువ వినిపించాలా, ఢోల్ ఎక్కువ వినిపించాలా?" అని వాళ్లనే అడగండి.

టక్ టక్ మని కొట్టే క్లిక్ ట్రాక్ పెట్టకండి. మన నాట్యం ఒకే వేగంతో నడవదు. మెల్లగా మొదలై, అడుగులు కలిసేకొద్దీ వేగం పెరుగుతుంది. క్లిక్‌కు కట్టేస్తే ఆ పెరుగుదల పోతుంది.

రికార్డు చేసేవాళ్లు చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్ వాడాలి. అందులో శబ్దం బయటికి పోయి మైకులో పడదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి వద్దు, అందులో ఆలస్యం చాలా ఎక్కువ. తీగ ఉన్నదే వాడండి. మైకు ఆన్‌లో ఉన్నప్పుడు అదే గదిలో స్పీకర్లు మోగించకండి. స్పీకర్ శబ్దం మైకులో పడి, మళ్లీ స్పీకర్‌లోకి వచ్చి కూత పెడుతుంది.

రికార్డింగ్ అయ్యాక స్పీకర్లలో వినేటప్పుడు, రెండు స్పీకర్లు, మీ తల కలిసి మూడు భుజాలూ సమానమైన త్రిభుజంలా ఉండాలి. స్పీకర్లు చెవి ఎత్తులో ఉండాలి, గోడకు, మూలకు ఆనించకూడదు. మూలలో పెడితే ఢోల్ లావుగా వినిపిస్తుంది. మీరు దాన్ని తగ్గిస్తారు, తర్వాత వేరే చోట వింటే ఢోల్ ఉండదు.

శబ్దం పెంచి వినడం గొప్ప కాదు. 80 డెసిబెల్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డీజే పక్కన నిలబడే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పాడైన చెవికి సెట్టింగులు లేవు.

గది, మైకు చోటు

సిమెంటు గోడలు, రేకుల కప్పు శబ్దాన్ని తిప్పి కొడతాయి. మేము హాస్టల్ పరుపులు గోడలకు నిలబెడతాం, కింద జంపఖానా పరుస్తాం, కిటికీకి బొంత వేలాడదీస్తాం. ఫ్యాన్ ఆపేస్తాం. వాన పడితే ఆ రోజుకు పని బంద్. రేకుల మీద వాన చప్పుడును ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. ఫోన్లన్నీ ఎరోప్లేన్ మోడ్‌లో పెట్టిస్తాం.

పాడేవాళ్ల నోటికి, మైకుకు మధ్య జానెడు దూరం ఉంచండి. ప, బ అక్షరాల గాలి దెబ్బ తగలకుండా, కుట్టుపని రింగుకు పల్చటి గుడ్డ బిగించి మధ్యలో పెట్టండి. కీక్రికి మైకు కొంచెం దూరంగా, పక్కగా ఉంటే కమాను గీరుడు తగ్గుతుంది. పెప్రె శబ్దం చాలా పెద్దది, నోటి దగ్గర మైకు పెట్టకండి. నాలుగైదు అడుగుల దూరం జరిపి, గెయిన్ తగ్గించండి.

ఢోల్‌కు రెండు ముఖాలున్నాయి కాబట్టి రెండు వైపులా రెండు మైకులు పెడతాం. ఇక్కడొక చిక్కు ఉంది. ఒక వైపు చర్మం కొట్టగానే అది తన మైకు నుంచి దూరంగా లోపలికి పోతుంది. అవతలి చర్మం తన మైకు వైపుకు, బయటికి వస్తుంది. రెండూ ఎదురుబొదురు కావడంతో కలిపినప్పుడు ఢోల్ బరువు పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ట్రాక్‌కు ఫేజ్ తిప్పే బటన్ ఉంటుంది. ఒక ట్రాక్‌కు అది నొక్కి, రెండింటినీ మోనోలో కలిపి వినండి. ఏది లావుగా వినిపిస్తే అదే ఉంచండి. పాటకు ఒకటి, వాయిద్యానికి ఒకటి మైకు పెట్టినప్పుడు, ఒక్కొక్క మైకు తన మనిషికి ఎంత దూరమో, రెండు మైకుల మధ్య దానికి మూడింతల దూరం ఉంచండి.

చిక్కు వస్తే ఎక్కడ వెతకాలి

శబ్దం రాకపోతే మొదటి నుంచి చివరి దాకా వరసగా నడవండి. మైకు స్విచ్, తీగ, 48 వోల్టులు, గెయిన్, సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ పేరు, ట్రాక్ మీద ఎర్ర బటన్, హెడ్‌ఫోన్ నాబ్. ఒకేసారి రెండు మార్చకండి. ఒకటి మార్చి వినండి, తర్వాత ఇంకొకటి.

మ్ మని సన్నటి హోరు వస్తే అది కరెంటుది. చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. మన ఊళ్లలో కరెంటు పోవడం మామూలే కాబట్టి బ్యాటరీ నిండా ఉంచుకోవడం ఎలాగూ మంచిదే. చిటపటలు వస్తే బఫర్ పెంచండి, వైఫై ఆపండి, మిగతా ప్రోగ్రాములు మూసేయండి.

అసలు రికార్డింగ్ ముందు ఒక నిమిషం చేసి, ఆపి, మొత్తం వినండి. ఆ తర్వాత పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గదిని రికార్డు చేసి వినండి. గదిలో ఉన్న గోల అంతా అప్పుడే తెలుస్తుంది.

పాట ఎవరిది

యంత్రం సర్దడంతో పని అయిపోదు. మనలో ఒక్కో గోత్రం కథ ఆ గోత్రం ప్రధాన్‌లు చెప్పాలి, దానికి సమయం ఉంది, సందర్భం ఉంది. దండారికి ముందు వాయిద్యాలకు పూజ చేస్తాం. అలాంటి వాయిద్యాన్ని "ఒకసారి ఊరికే కొట్టు కాకా, లెవల్ చూడాలి" అనే ముందు ఆలోచించండి. ఏది రికార్డు చేయవచ్చు, ఏది యూట్యూబ్‌లో పెట్టవచ్చు, ఏది మన దగ్గరే దాచాలి, ఇవి మూడూ వేర్వేరు ప్రశ్నలు. పాడినవాళ్లనూ గోత్రం పెద్దలనూ వేర్వేరుగా అడగండి. వద్దన్నది వద్దే.

రికార్డింగ్ మొదట్లోనే పాడేవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ పాట, ఎప్పుడు పాడతారు అన్నది మైకులో చెప్పించండి. ఫైలు పేరు మారినా ఆ మాట పోదు. మూడు కాపీలు ఉంచండి. ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి వేరే డిస్క్‌లో, ఒకటి వేరే ఊళ్లో. అసలు ఫైలు మీద ఏ మార్పూ చేయకండి. మార్పులన్నీ నకలు మీదే. గొంతును పన్నెండు స్వరాల మెట్ల మీదికి లాగే ఆటోట్యూన్ మన పాటకు పెడితే, ఆ మెట్ల మధ్య జారే అవ్వ గొంతు తప్పుగా కనబడుతుంది. అవ్వ పాడింది తప్పు కాదు. మీరు రీమిక్స్ చేసుకోండి, నేను వద్దనను. కానీ అసలుది ఒకటి చెక్కు చెదరకుండా ఉండాలి.

ఆడపిల్లలకు ఒక మాట. అవ్వలు పెళ్లి పాటల్లో కొన్ని మగపిల్లల ముందు పాడరు. మా హాస్టల్ గదిలో తలుపు వేసుకుని, మనవరాళ్లే మైకు పెట్టి, మనవరాళ్లే హెడ్‌ఫోన్ పెట్టుకుంటే నవ్వుతూ పాడారు. మీరు ఈ పని నేర్చుకోకపోతే ఆ పాటలు ఎవరికీ దొరకవు. తీగలు, నాబులు అన్నల పని అని వెనక కూర్చోకండి.

ఈ రోజు సాయంత్రం మీరు ముగ్గురు ముగ్గురుగా జట్లు కట్టాలి. ఒకరు పాడేవాళ్ల దగ్గర కూర్చోవాలి, వాళ్లకు ఏం కావాలో చూసుకోవాలి. ఒకరు గెయిన్ చూడాలి. ఒకరు ఇంకేమీ చేయకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని వినాలి. ప్రతి పాటకు ఈ పనులు మారుతుండాలి. మూడు బల్లల మీద ఇంటర్‌ఫేస్‌లు పెట్టించాను, బఫర్ కావాలనే 1024లో ఉంచాను. ముందు డైరెక్ట్ మానిటర్ లేకుండా మీరే పాడి చూడండి, తర్వాత బటన్ నొక్కి పాడండి. తేడా మీ చెవికి తెలిశాక, మీ ఊరికి వెళ్లి ఏ పెద్దవాళ్లను ముందు కలవాలో పేరు రాసి నాకు ఇవ్వండి. హాస్టల్‌లో ఉన్న ఒక సెట్టు వరసగా అందరికీ ఇస్తాం. వయసులో అందరికంటే పెద్దవాళ్ల పేరు ఎవరు రాస్తే మొదటి వారం వాళ్లదే.